మామిడి తొక్క మీద నెపం

12 జూన్ 2025, ఉదయం
ఈయన ఊరగాయకు కాయలు తెస్తానని పొద్దున్నే బంగారుపాళ్యం బస్సెక్కారు, తిరుపతిలో మామిడికాయలే దొరకనట్టు. రెండేళ్ల కిందట తుంటికీలు మార్పించుకున్న మనిషి. చెబితే వింటారా? సంచి కూడా తీసుకెళ్లలేదు.

సాయంత్రం 5
కాయలు రాలేదు. ఈయన అంబులెన్సులో వచ్చారు. మండీలో మామిడి తొక్క మీద కాలు జారిందట. తొడ ఎముక విరిగింది. ముందు తిట్టాను, తర్వాత ఏడ్చాను.

13 జూన్
డాక్టర్ నందిని ఎక్స్‌రే చూపించింది. కొత్త తుంటికీలుకు ఆధారంగా తొడ ఎముకలోకి ఒక రాడ్డు దించి ఉంటారు. సరిగ్గా దాని చుట్టూనే ఎముక చీలింది. రాడ్డు బిగుతుగా ఉంటే ప్లేటు వేసి తీగలతో కడితే చాలట. ముందే లూజై ఉంటే పీకేసి పొడుగాటిది దించాలట. ఎక్స్‌రేలో తేలడం లేదు. పడకముందు తొడలో నొప్పి ఉండేదా అని అడిగింది. ఈయన లేదన్నారు. అడగ్గానే అన్నారు, అదే నాకు నచ్చలేదు.

ఏది చేయాలో పొరబడితే మళ్లీ నడవడం కష్టమని బయటికొచ్చాక నాతో చెప్పింది. స్వామి ఊరేగింపులో గోష్ఠివాళ్లతో కలిసి ప్రబంధం చదువుతూ నడవడమే ఈయన ప్రాణం. నాకు భయం వేసింది.

14 జూన్
మునెయ్య అనే ఆటో అతను ఫోన్ చేశాడు. ఈయన కళ్లజోడు తన ఆటోలో ఉండిపోయిందట. ఏ మండీ దగ్గర ఎక్కించుకున్నావయ్యా అంటే, మండీ యాడిదమ్మా, కాణిపాకం గుడికాడ గదా, సామి గుంజీళ్లు తీస్తా తీస్తా కూలబడిపాయ, నేనే ఎత్తి ఆటోలో ఏసుకోని అంబులెన్సు కాడికి తెచ్చినా, ఇప్పుడెట్లుండాది అన్నాడు.

కాణిపాకం. గుంజీళ్లు. మా వైష్ణవుల ఇళ్లల్లో విఘ్నాలు చూసుకోవడానికి విష్వక్సేనుల వారున్నారు. వినాయకుడి దగ్గరికి మాకేం పని?

అదే రోజు, 11 గంటలు
నిలదీశాను. కక్కారు. మొదటి ఆపరేషన్ ముందు భయపడి, నడవగలిగితే గుంజీళ్లు తీస్తానని మొక్కుకున్నారట. నాకు చెప్పే ధైర్యం లేక వాయిదా వేస్తూ వచ్చారట. ఆరు నెలలుగా కుర్చీలోంచి లేచి తొలి అడుగు వేస్తే తొడలో కలుక్కుమంటోందట. అది డాక్టర్‌కు చెప్పాల్సిన నొప్పని ఈ మహానుభావుడికి తోచలేదు. మొక్కు తీర్చలేదని వినాయకుడు గిల్లుతున్నాడనుకున్నారు. నవ్వు ఆపుకోవడానికి కిటికీ వైపు తిరిగి నిలబడ్డాను.

డాక్టర్‌కు చెప్పండి అంటే, గోష్ఠిలో తెలిస్తే తలెత్తుకోలేనే కుముదా అన్నారు. తల సంగతి తర్వాత, ముందు కాలు చూడండి అన్నాను. నేనే వెళ్లి అంతా చెప్పాను.

నందిని నవ్వలేదు. ఆ తొలి అడుగు నొప్పి, రాడ్డు లూజైందనడానికి గుర్తట. పొడుగు రాడ్డు కూడా తెప్పించి పెట్టుకుంటానంది. తర్వాత మంచం దగ్గరికి వచ్చి, కింద కూర్చోవద్దంటే గుంజీళ్లు తీస్తారా అని ఈయన్ని బాగా వాయించింది. ఎంత హాయిగా ఉందో.

16 జూన్
రేపే ఆపరేషన్. ఈయన దిగులు కాలు గురించి కాదు. గుంజీళ్లు సగమే అయ్యాయి కుముదా అంటున్నారు.

17 జూన్, మధ్యాహ్నం
రెండు గంటల్లో అయిపోతుందన్నారు. నాలుగు గంటలు గడిచాయి. నాకు వచ్చిన పాశురాలన్నీ అయిపోయాయి. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను. మధ్యలో ఎవరెవరినో తలుచుకున్నాను. ఆ పేర్లు ఇక్కడ రాయను.

సాయంత్రం
పాత రాడ్డు చేత్తో లాగితే వచ్చేసిందట. ఉత్త ప్లేటుతో సరిపెట్టి ఉంటే మళ్లీ విరిగేదే అంది నందిని. మత్తు దిగగానే ఈయన కాఫీ అడిగారు. అప్పుడు కూలబడి ఏడ్చాను.

10 ఆగస్టు
వాకర్ వదిలేసి చేతికర్రతో వీధి చివరి దాకా నడిచారు. గోష్ఠివాళ్లు పరామర్శకొస్తే మామిడి తొక్క కథ చెప్పారు. నేను వంటింట్లోకి వెళ్లిపోయాను.

19 ఆగస్టు, కాణిపాకం బస్టాండు
మిగతా సగం నేను తీశాను. లేచిన ప్రతిసారీ గోవిందా అనుకున్నాను. ఎవరికి ముట్టిందో వాళ్లిద్దరే తేల్చుకోవాలి.