చింపమన్నవి రెండు

అన్నయ్యకు,

చెల్లెలు రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అమ్మ, నాన్న, నేను ముగ్గురం బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ బాగుండాలని రాయడం మర్యాద కాబట్టి రాస్తున్నాను. ఎంత కోపంలో ఉన్నా ఉత్తరం మొదట్లో క్షేమం అడగాలని మనిద్దరికీ నేర్పిన టీచరమ్మ ఒక్కరే. నువ్వు మరిచిపోయినట్టున్నావు. నాకు రాసిన ఉత్తరంలో నీ మొదటి వాక్యమే "అమ్మమ్మా, ఒక పని చేసిపెట్టాలి" అని ఉంది.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు చెప్తాను. అమ్మ మోచేతి నొప్పి తగ్గలేదు. ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడడం మానలేదు కాబట్టి తగ్గదు కూడా. నువ్వు పంపిన పట్టీ ఆటగాళ్ల కొలతది, అమ్మకి వదులైంది. మధ్యలో కుట్టు వేసుకుని వాడుతోంది. బట్టలిచ్చేందుకు వచ్చినవాళ్లందరికీ చెయ్యి చాపి చూపిస్తోంది. నాన్న ఇంకా గోడలకి రంగులు వేస్తూనే ఉన్నాడు. నిచ్చెన ఎక్కొద్దంటే వినడు. "మనింట్లో రెండు నిచ్చెనలున్నాయే. ఒకదాన్ని ఊళ్లవాళ్లు వాడుకుంటున్నారు. రెండోదాన్నయినా నన్ను ఎక్కనివ్వు" అంటాడు. పేపర్లవాళ్లు నీకు పెట్టిన పేరు ఆయనకి అంత నచ్చింది. సెలూన్‌లో నీ ఫొటో ఉందా అని అడిగావు. ఉంది. అద్దం పక్కనే ఉండడంతో నీ మొహం మీద సబ్బు నురగ చుక్కలు పడి ఎండిపోయాయి. తుడుస్తానని సెలూన్ అతను చెప్పాడు. నేనే వద్దన్నాను.

ఇక నువ్వు చెప్పిన పని.

కొత్త క్లబ్బు నీతో మూడేళ్ల ఒప్పందం చేసుకుంటుందట. ఇరవై ఎనిమిది దాటినవాళ్లతో అలా చేసుకోదట. కాగితాల్లో నీకు ఇరవై ఏడు. అయినా వాళ్ల మనిషి వచ్చి మన బడిలో పాత అడ్మిషన్ రిజిస్టరు చూస్తాడట. నేను ఇప్పుడు ఆ బడిలోనే టీచర్ని కాబట్టి, బీరువా తాళం నా దగ్గరే ఉంటుంది కాబట్టి, అతను వచ్చేలోపు ఆ ఒక్క పేజీ చింపేయాలట. "చెదలు తిన్నాయని చెప్పు, ఎవరూ అడగరు" అని సలహా కూడా ఇచ్చావు. ఫోన్లో అయితే సాక్ష్యం మిగులుతుందని ఉత్తరం రాశావు. చదివాక దీన్నీ చింపేయమన్నావు. పదిమంది మీద పడుతున్నా బంతి ఎటు వదలాలో తెలిసినవాడివని నిన్ను పొగుడుతుంటారు కదా. ఈసారి నా చేతుల్లోకి వదిలావు.

అన్నయ్యా, ఆ పేజీలో ఏముందో నీకు గుర్తుందా? నాకు గుర్తుంది. రోజూ ఆ బీరువా తీస్తాను.

అప్పుడు నీకు పదిహేను, నాకు పద్నాలుగు. అంతకు మూడేళ్ల ముందు బడి వెనక మైదానంలో బాస్కెట్‌బాల్ కోర్టుకి తెల్లగీతలు గీసింది నాన్నే. కోచ్ మాస్టారు కొలతలు కాగితం మీద రాసిచ్చారు. నేను చదివి చెప్పాను, నాన్న గీశాడు. ఫ్రీ త్రో గీతని రింగు వెనకున్న బోర్డు నుంచి కొలవాలి. నాన్న రింగు నడిమధ్యకి కింద రాయి పెట్టి, అక్కణ్ణుంచి కొలిచాడు. గీత అడుగు పైచిలుకు వెనక్కి పోయింది. ఎవరూ చూసుకోలేదు. నువ్వు మూడేళ్లు ఆ గీత మీదే నిలబడి బంతి వేశావు. బయటి కోర్టుల్లో మొదటిసారి ఆడినప్పుడు రింగు దగ్గరికి వచ్చేసినట్టుందని నవ్వావు. ఇవాళ నీ ఫ్రీ త్రోల గురించి టీవీలో గంటలు గంటలు చెప్తారు. పుట్టుకతో వచ్చిన విద్య అంటారు. నాన్న తప్పు కొలత అని నువ్వు ఒక్క ఇంటర్వ్యూలో కూడా చెప్పలేదు. బంతి కంచె దాటిపోయిన ప్రతిసారీ ముళ్లపొదల్లోంచి తెచ్చిచ్చింది ఎవరో కూడా చెప్పలేదు.

తర్వాత పద్నాలుగేళ్లలోపు పిల్లల జట్టుకి ఎంపికలు వచ్చాయి. నీకు ఏడాది ఎక్కువైంది. కోచ్ మాస్టారు, అప్పటి హెడ్మాస్టరు కలిసి రిజిస్టరులో నీ వయసు రెండేళ్లు తగ్గించారు. తగ్గించాక చూసుకుంటే కాగితం మీద నువ్వు నాకంటే చిన్నవాడివి అయ్యావు. ఊరంతా నిన్ను అన్న, నన్ను చెల్లి అంటుంటే రిజిస్టరు ఇంకోలా ఉంటే పట్టుబడిపోతారు కదా! అందుకని నా వయసూ రెండేళ్లు తగ్గించారు. పన్నెండేళ్ల పిల్ల తొమ్మిదో తరగతిలో ఎలా ఉంటుందని నన్ను మళ్లీ ఏడో తరగతిలో కూర్చోబెట్టారు. మన ఇంట్లో బడి గడప తొక్కిన మొదటి ఆడపిల్లని, క్లాసులో మొదటి ర్యాంకుదాన్ని. ఏడూ ఎనిమిదీ రెండోసారి చదివాను.

"ఏడో క్లాసు అమ్మమ్మ" అన్నారు పిల్లలు. ఆ పేరు ఇంటికి మోసుకొచ్చింది నువ్వు. అన్నం దగ్గర కూర్చుని "అమ్మమ్మా, ఈసారైనా పాసవుతావా?" అని నవ్వావు. పద్నాలుగేళ్లయినా నీకు ఆ పేరు ముద్దుగానే ఉంది.

నువ్వు హాస్టల్‌కి వెళ్లావు. జూనియర్ జట్టుకి కెప్టెన్‌వయ్యావు. పెద్ద క్లబ్బు తీసుకుంది. ఆ ఫైనల్లో ఆఖరి రెండు ఫ్రీ త్రోలు వేసే ముందు బంతిని మూడుసార్లు నేలకి కొట్టి చొక్కాకి చెయ్యి తుడుచుకున్నప్పుడు సెలూన్‌లో టీవీ ముందు నేను ఊపిరి బిగబట్టాను. అది అబద్ధం కాదు. మడమకి ఆపరేషన్ అయినప్పుడు అమ్మ నెలరోజులు సరిగా తినలేదు. అదీ అబద్ధం కాదు. పోయిన ఏడాది నుంచి నువ్వు సగం ఆటలో బెంచీ మీదికి వెళ్లి మోకాలి మీద ఐసు పెట్టుకుంటున్నావు. వ్యాఖ్యాతలు "ఇంత చిన్న వయసులో ఇదేం ఖర్మ" అని జాలిపడుతున్నారు. నీ మోకాలికి ఆ రిజిస్టరు చదవడం రాదు అన్నయ్యా. దాని లెక్క అది వేసుకుంటోంది.

ఇదంతా అయినా నేను ఒకవేళ ఆలోచించేదాన్నేమో. కానీ నీ ఉత్తరం రెండో పేజీ చదివాను. "చింపడం కుదరకపోతే నాన్నే మార్పించాడని చెప్పు. అక్కడ వేలిముద్ర ఆయనదే కదా. చదువు రానివాడు, పెద్దవాడు, ఆయన్ని ఎవరేం చేస్తారు?" అని రాశావు.

ఆ వాక్యం రాసేటప్పుడు నీ చెయ్యి ఎక్కడా ఆగినట్టు లేదు. కొట్టివేత ఒక్కటీ లేదు. అంత పొడుగు పెరిగి చివరికి నాన్న బొటనవేలు వెనక దాక్కుంటావా? సిగ్గులేదూ?

ఇప్పుడు నా సంగతి చెప్తాను. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. నీక్కూడా.

ఆ రోజు ఆఫీసు గదిలో నువ్వు లేవు, కోర్టులో ఉన్నావు. హెడ్మాస్టరు చేతిరాత గజిబిజి. కోచ్ మాస్టారు "దిద్దినట్టు తెలియకుండా ఎవరు బాగా రాస్తారు?" అన్నారు. నన్నెవరూ బలవంతం చెయ్యలేదు. నేనే చెయ్యెత్తాను. బడి మొత్తంలో నాదే మంచి దస్తూరి అని నాకు గర్వం. అమ్మా నాన్నా గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్నారు. వాళ్ల కూతురు పెద్ద కుర్చీలో కూర్చుని పెద్ద పుస్తకంలో రాస్తోంది. బ్లేడుతో పాత సంవత్సరం గీకి, నీ వయసు మార్చి రాశాను. తర్వాత హెడ్మాస్టరు వేలు కిందికి జరిపి "ఇప్పుడు ఇదీ" అన్నారు. చూస్తే నా పేరు. అప్పుడు ఆగలేకపోయాను. అంతే చక్కగా నాదీ రాశాను.

నాన్న వేలిముద్ర వెయ్యబోతూ "ఏం రాశావమ్మా?" అని అడిగాడు.

"అన్నయ్యని ఆటకి పంపిస్తున్నట్టు రాశాను నాన్నా" అన్నాను.

నమ్మి వేశాడు. నీ పేరు ఎదురుగా ఒకటి, నా పేరు ఎదురుగా ఒకటి. నాకు అన్యాయం జరిగిందని పద్నాలుగేళ్లుగా కుమిలిపోతున్నాను. చేసింది నేనే.

నీ ఉత్తరం గురువారం వచ్చింది. ఆదివారం నాన్నని బడికి తీసుకెళ్లి ఆ పేజీ తీసి, ఉన్నది ఉన్నట్టు చదివాను. చాలాసేపు వేలిముద్రనే చూశాడు. బొటనవేలు దాని పక్కన పెట్టి చూసుకున్నాడు. రంగులో నానిన వేలు, పగుళ్లతో ఉంది.

"నాదే. మరి ఆ రోజు ఆటకని చెప్పావు?"

"అబద్ధం చెప్పాను నాన్నా."

"నీకు రెండోసారి ఏడో క్లాసు అందుకేనా? నువ్వు తప్పావని నేను నలుగురిలో తిట్టాను కదే."

నేను ఏడవలేదు. ఆయనే మొహం తిప్పుకుని గోడ చూస్తూ "ఈ గోడకి సున్నం వేసి ఎన్నేళ్లయిందో" అన్నాడు.

సోమవారం క్లబ్బు మనిషి వచ్చాడు. ముసలాయన, నెమ్మదిగా మాట్లాడతాడు. పిల్లల బెంచీ మీద ఇరుక్కుని కూర్చున్నాడు. రిజిస్టరు తెరిచి ముందు పెట్టాను. కాగితాన్ని వెలుగుకి ఎత్తి చూశాడు.

"ఇక్కడ గీకినట్టుందమ్మా. ఎవరు రాశారిది?"

"నేనేనండి."

"అప్పటికి మీకెన్నేళ్లు?"

"ఏ లెక్కలో చెప్పమంటారు?"

నవ్వాడు. నేను నవ్వలేదని ఆపేశాడు. అంతా రాసి సంతకం పెట్టాను. నాన్నకి అందులో ఏముందో తెలియదని రాశాను. నా వయసు కూడా సరిచెయ్యమని పై ఆఫీసుకి దరఖాస్తు పెట్టాను. ఉద్యోగంలో రెండేళ్లు పోతాయి. ఉద్యోగమే పోవచ్చు కూడా. వెళ్లబోతూ ఆయన "మీ అన్నయ్య ఎలా ఆడేవాడమ్మా అప్పుడు?" అని అడిగాడు. అదీ నిజమే చెప్పాను. కళ్లకి గంతలు కట్టినా ఆ దూరపు గీత మీంచి యాభైకి నలభై వేసేవాడని, ఆ వయసులో అంతటివాణ్ణి నేను చూడలేదని చెప్పాను. కావాలంటే అదీ రాసిస్తానన్నాను. రాయించుకున్నాడు.

ఇక నువ్వు నాతో మాట్లాడకపోయినా నాకు బాధ లేదు. ఉందిలే. కానీ నా బాధ సంగతి వదిలేయ్.

ఇంట్లో ఇప్పుడు ఒక మార్పు వచ్చింది. మందుల చీటీ చదివినా, గోడమీద ప్రకటన చదివినా నాన్న నా మొహంలోకి చూసి "అదేనా రాసుంది?" అని అడుగుతున్నాడు. పద్నాలుగేళ్లలో ఒక్కసారి కూడా అడగనివాడు. ఏది చదివినా రాసింది రాసినట్టే చదువుతానని ఆయనకి మాటిచ్చాను.

నిన్న నీ ఉత్తరం చదవమన్నాడు. మొదటి పేజీ అంతా చదివాను, పేజీ చింపమన్నదీ చదివాను. రెండో పేజీ తిప్పి, నీ వాక్యం దగ్గర ఆగిపోయాను. దాటేయడానికి నాకు నోరు రాలేదు. చదవడానికీ రాలేదు.

"ఏముందే?" అన్నాడు.

"ఇది నేను చదవను నాన్నా. రాసినవాడే చదవాలి."

ఉత్తరం నా చేతిలోంచి తీసుకుని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "అయితే వాడినే వచ్చి చదవమను" అన్నాడు. ఇవాళ పనికి వెళ్తూ చొక్కా మార్చుకున్నప్పుడు కూడా ఆ కాగితం తీసి కొత్త జేబులో పెట్టుకోవడం చూశాను.

నువ్వు చింపమన్నవి రెండూ ఉన్నాయి. ఒకటి బడి బీరువాలో, ఒకటి నాన్న జేబులో. మొదటిదాని సంగతి నేను చూసుకున్నాను. రెండోది నీది. వచ్చి, నాన్న ఎదురుగా కూర్చుని, పైకి చదువు. "అదేనా రాసుంది?" అని ఆయన అడుగుతాడు. ఏం చెప్తావో ఇప్పటినుంచే ఆలోచించుకో.

గుమ్మం ఎత్తు పెంచలేదు. తల వంచుకుని రా.

ఇట్లు,
నీకంటే ఒక్క ఏడాదే చిన్నదైన
నీ చెల్లెలు