మీవాళ్ళకు రాని జబ్బు

ప్రియమైన పిచ్చుకకి,

ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేంటని నవ్వుకుంటావేమో. ఫోన్లో నువ్వు మాటకు మాట అడ్డం వేస్తావు, చెప్పాలనుకున్నది సగంలోనే మర్చిపోతాను.

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. పొద్దుటి షిఫ్టు వదిలేసి మధ్యాహ్నం బస్సుకి మారాను. "ముసలాడివైపోయావా, తెల్లారి లేవలేకపోతున్నావా" అని డిపోలో ఆటపట్టిస్తున్నారు. మీ వదిన మొక్కల దుకాణం పనిలో తలమునకలై ఉంది. మా అమ్మడు ఈమధ్య పరుగు పందేలకి వెళ్ళట్లేదు. పరీక్షలు కదా.

అసలు సంగతికొస్తాను. మా డిపోలో ఒకతనికి చాన్నాళ్ళుగా కడుపు బాగోవట్లేదు. తిన్న కాసేపటికి కింద కుడివైపు మెలిపెడుతుందట. సాయంత్రానికి ఒళ్ళు కాలుతుంది. బట్టలన్నీ వదులైపోయాయి. మా చెల్లెలు పేగుల డాక్టరని తెలిసి నిన్ను అడగమన్నాడు. విరేచనంలో నెత్తురు మాత్రం పడట్లేదు. అలాగైతే భయం లేనట్టేనా?

ఉంటాను,
అన్నయ్య

*

ప్రియమైన అన్నయ్యకి,

నీ ఉత్తరం వార్డులో కూర్చుని చదువుతుంటే నర్సమ్మ "ఏంటి మేడమ్, ప్రేమలేఖా?" అంది. "మా అన్నయ్య. రెండు ముక్కల కంటే ఎక్కువ మాట్లాడని మనిషి పేజీ నిండా రాశాడు" అన్నాను.

నెత్తురు పడకపోతే భయం లేదని ఎవరు చెప్పారు? ఈ ఏడాది నేను చేస్తున్న పని అదే. పేగులు దీర్ఘకాలం వాచే జబ్బు ఉందని తేలిన రోజున మనిషి ఏ స్థితిలో ఉన్నాడో రాసుకుంటున్నాను. తరతరాలుగా ఇక్కడే ఉన్నవాళ్ళు ఒకవైపు, మనలా తాతల నాడు వలస వచ్చినవాళ్ళు ఇంకోవైపు. జబ్బు ఒకటే, కానీ మా ఆస్పత్రి గుమ్మంలో దాని ముఖం వేరుగా కనిపిస్తోంది. వాళ్ళలో చాలామంది నెత్తురు చూసి భయపడి త్వరగా వస్తారు. "మా పిన్నికీ ఉంది" అంటారు. మనవాళ్ళు జ్వరంతో, చిక్కిపోయి వస్తారు. ఇంట్లో ఎవరికీ ఉండదు. చాలామంది అప్పటికే క్షయ అనుకుని ఆ మందులు వాడి ఉంటారు. అప్పటికి పేగు సన్నబడిపోయి ఉంటుంది.

ఎందుకిలా అన్నది ఇంకా తేలాలి. మన ఒంటి తీరా, తిండా, లేక మనల్ని చూడటమే ఆలస్యంగా చూస్తున్నారా? మా గుమ్మం దగ్గర చూసింది చెబుతున్నానంతే, లోకమంతా ఇంతేనని కాదు.

మీ డిపో ఆయన్ని పేగుల డాక్టరు దగ్గరికి వెళ్ళమను. వదిన పంపిన ఫొటోలో నువ్వు సగమైపోయావు. అన్నం తింటున్నావా?

ప్రేమతో,
పిచ్చుక

*

ప్రియమైన పిచ్చుకకి,

నువ్వు రాసింది అతనికి వినిపించాను. క్షయ మందులు చాన్నాళ్ళ నుంచే మింగుతున్నాడట. లాభం లేదు. మొదట చూసినాయన "మనసులో ఏదో బెంగ, కడుపులో ఏమీ లేదు" అన్నాడు. రెండో ఆయన్ని పేగు వాపు జబ్బేమోనని అడిగితే "అది మీవాళ్ళకు రాదు" అని తేల్చేశాడు.

పేగుల్లోకి కెమెరా గొట్టం వేసి చూస్తారట, నొప్పిగా ఉంటుందా? నిద్రపుచ్చుతారా? ఇంట్లోవాళ్ళని పక్కన ఉండనిస్తారా? పేగు కోసేస్తారా? తర్వాత మళ్ళీ పరిగెత్తగలరా?

నా ఒంటి గురించి వదిలెయ్. ఇంత వయసొచ్చాక లావెక్కితే స్టీరింగ్ వెనక పట్టను.

అన్నయ్య

*

ప్రియమైన మొండి అన్నయ్యకి,

డిపోలో అలాంటి మనిషెవరూ లేరు. ఆ మనిషివి నువ్వే.

నీకు చిన్నప్పటి నుంచీ అబద్ధం అతకదు. షిఫ్టు మార్చుకున్నావు, చిక్కిపోయావు. ఊళ్ళో వాళ్ళ కోసం ఎవరైనా ఇన్ని ప్రశ్నలు అడుగుతారా? రోజంతా జనం పేగుల గురించే మాట్లాడేదాన్ని, నా దగ్గర నీకు సిగ్గేంటి?

మీ ఊరి పెద్దాస్పత్రిలో నాతో చదువుకున్నావిడ పేగుల డాక్టరు. వచ్చే మంగళవారం పొద్దున నీ పేరున టైము తీసుకున్నాను. మత్తిచ్చి చూస్తారు, నొప్పి తెలియదు. కోత అందరికీ అక్కర్లేదు. వెళ్ళకపోయావో, నేనే వచ్చి నీ బస్సెక్కి ప్రయాణికులందరి ముందూ నిలదీస్తాను.

నాకు నువ్వు కావాలి అన్నయ్యా. వెళ్ళు.

నీ పిచ్చుక

*

ప్రియమైన పిచ్చుకకి,

తిట్టేముందు చివరిదాకా చదువు. ఫలితాలన్నీ వచ్చేదాకా తానూ నీకు చెప్పనని నీ స్నేహితురాలు మాటిచ్చింది, పాపం ఆవిణ్ణేమీ అనకు.

మంగళవారం ఆవిడ నా పేరు పిలిచింది. నేను లేచాను. నాతో పాటు అమ్మడూ లేచింది. "పేషెంటు నేనండీ" అంది.

జబ్బు నాకు కాదు తల్లీ, నీ మేనకోడలికి. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది, ముఖ్యంగా నీకు. "అత్తకి నేను పరుగు పందెం పిల్లని. పేషెంటుని కాను" అంది. దారిలో బాత్రూము అవసరమొస్తే ఎలాగని, పొద్దున కాలేజీకి ఒంటరిగా వెళ్ళాలంటే భయపడేది. అందుకే షిఫ్టు మార్చుకుని నేనే తీసుకెళ్ళేవాణ్ణి. ఏ పెట్రోలు బంకులో బాత్రూము బాగుంటుందో డ్రైవరుకి తెలియనిదేముంది? అది పళ్ళెం పక్కకి తోసేస్తే నాకు ముద్ద దిగేది కాదు. నేను చిక్కింది అందుకే.

నీ ఉత్తరాన్ని మీ వదినే దాని చేతిలో పెట్టింది. అది చదివి, "నాన్నకనుకుని అత్త ఎంత ఏడ్చుంటుందో. వెళ్దాం నాన్నా" అంది.

చిన్నపేగు చివర పుళ్ళున్నాయట. ఒకచోట సన్నబడింది. క్షయ కాదని మళ్ళీ పరీక్షలు చేసి తేల్చుకున్నారు. నువ్వు రాసిన పేగు వాపు జబ్బే, పేరు క్రోన్స్. మందులు మొదలుపెట్టాక జ్వరం పోయింది. నిన్న మీ వదినని రెండోసారి అన్నం అడిగింది. కోత ఇప్పటికైతే అక్కర్లేదన్నారు. జీవితాంతం కనిపెట్టుకుని ఉండాలట. ఉంటాం.

జబ్బు పేరు చెప్పినప్పుడు కుప్పకూలుతుందేమోనని దాని వెనకే నిలబడ్డాను. అది డాక్టరు ముఖంలోకి చూసి, "దీనికి పేరుందా అండీ? అయితే నేను నటించట్లేదు కదా?" అంది. ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కుని, "లేదమ్మా, ఒక్కరోజు కూడా నటించలేదు" అంది. అప్పుడు ఏడ్చింది. ఇన్నాళ్ళ నొప్పిలో ఒక్కసారీ అలా ఏడవలేదు. నువ్వు రాసుకుంటున్న లెక్కలో తననీ చేర్చుకోమని చెప్పమంది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. నడిపేది మా డిపో కుర్రాడే. మా స్టాపులో ఆపి అద్దంలోంచి నావైపు చూశాడు. పోనిమ్మని చెయ్యి ఊపాను. చివరి స్టాపుదాకా వెళ్ళి, దాన్ని లేపకుండా, అదే బస్సులో వెనక్కి వచ్చాం.

నీ అన్నయ్య