వెయిటింగ్ లిస్టులో పదకొండో పేరు

మల్కాపురం,
ఆదివారం, ఆరాధన నుంచి వచ్చాక.

నా బాబు బెన్సన్‌కి అమ్మ దీవించి రాస్తన్నది.

ప్రభువు దయవల్ల ఇక్కడ మేం ప్రాణాలతో ఉన్నాం. ఆ మంచుకొండల్లో నువ్వూ, నీతో ఉన్న పిల్లలందరూ క్షేమంగా ఉండాలని పూటపూటా ప్రార్థన చేస్తన్నాను.

నీ ఉత్తరం పద్దెనిమిది రోజులు తిరిగి మొన్న బుధవారం చేరింది. కొండ మీద పైపోస్టులో సిగ్నల్ సరిగా ఉండదు, ఉత్తరమే రాయమ్మా అన్నావు. అది చదివి లోపల్లోపల కుదుటపడ్డాను. నీకు చెప్పాల్సింది ఒకటుంది. ఫోన్లో నీ గొంతు వింటా అది చెప్పలేను. ముందు నువ్వు అడిగినవాటికి రాస్తాను.

నా మోకాలు పరవాలేదు. సీతమ్మధార క్లినిక్కులో ఇప్పుడు నన్ను మేడ మీద పనికి పంపడం లేదు. కిందనే రోగుల దుప్పట్లు మార్చడం, ఉతకడం చూసుకుంటన్నాను. నర్సు రోజారమణి గారు నీ ఫొటో చూసి, అచ్చం మీ పోలికేనమ్మా అన్నారు. నీ ఇంజినీరింగ్ పుస్తకాలు ఎవరికైనా ఇచ్చెయ్యమన్నావు. వెనకింటి దొరబాబు అడిగాడు గానీ ఇవ్వలేకపోయాను. ప్రతి పేజీలోనూ నీ చేతిరాత ఉంది. వానలకి గోడలు నానిపోయి, వాటికి రిఫైనరీ వాసన పట్టేసింది. పుస్తకాలు మాత్రం ప్లాస్టిక్ సంచిలో కట్టి పైన పెట్టాను.

నాన్న ఎలా ఉన్నాడని అడిగావు. పోర్టులో ఓడ పని ఉన్న రోజు బాగానే ఉంటాడు. నువ్వు యూనిఫారంలో ఉన్న ఫొటో జేబులో పెట్టుకుని, గేటు దగ్గర అందరికీ చూపిస్తాడంట. పని లేని రోజు సంగతి నీకు తెలుసు. నువ్వు వెళ్ళిన మూడో నెల నుంచి మళ్ళీ మొదలయ్యింది. ఇన్నాళ్ళూ నీకు రాయలేదు. నీ చెల్లి గ్రేసీ ఎదురుగా ఉంటే నా మీద చెయ్యి ఎత్తడు. అది ట్యూషనుకి వెళ్ళినప్పుడే.

ఇక గ్రేసీ సంగతి. "ఇంటి నుంచి వెళ్ళొచ్చే కాలేజీలో వేసావంటే నా మీద ఒట్టే" అని రాసి కింద రెండు గీతలు గీసావు. దానికి రెండు చోట్లా సీటొచ్చింది. ఒకటి నువ్వు చదివిన లాంటిదే, ఊరవతల ప్రైవేటు కాలేజీ. రెండోది నువ్వు ఎంతో ఆశపడ్డ యూనివర్సిటీ. రైల్లో వెళ్ళాలి, అక్కడే హాస్టలు, అక్కడే లైబ్రరీ. సెలవులకి తప్ప ఇంటికి రానక్కర్లేదు. ఆడపిల్ల పొద్దుగూకేసరికి ఇంట్లో ఉండాలని మీ నాన్న పట్టుబట్టాడు. నాను ఆశ్చర్యపోయింది దానికి కాదు. గ్రేసీ కూడా ఇంటి నుంచే వెళ్తానంది.

కారణం ఏటని అడిగాను. రెండు రోజులు ఫారం ముందేసుకుని కూర్చుంది. మూడో రోజు నాను బియ్యం ఏరుతుంటే పక్కన కూలబడి, "నాను ఎల్లిపోతే నీకెవరున్నారమ్మా?" అంది.

ఆ మాట వినేసరికి బియ్యం చేట పక్కన పెట్టేశాను బాబూ. నాను నీకు చేసింది, ఈ పిల్ల తనంతట తానే చేసుకోబోతంది.

ఇప్పుడు చెప్తాను. చదివాక ఏటనుకున్నా నీ ఇష్టం.

నువ్వు ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉండగా, ఒక రోజు మీ నాన్న నా మీద చెయ్యి ఎత్తితే ఆ మణికట్టు పట్టుకున్నావు. పట్టుకుని నిలబడ్డావు, అంతే. ఆ రోజు నుంచి నువ్వు ఇంట్లో ఉంటే నా మీద చెయ్యి పడలేదు. పెళ్ళయ్యాక పద్దెనిమిదేళ్ళకి నాను భయం లేకుండా అన్నం తిన్నాను.

తర్వాత యూనివర్సిటీ వెయిటింగ్ లిస్టులో నీది పదకొండో పేరు. ఈలోపు తగరపువలస దాటాక ఉన్న కాలేజీలో చేరావు. అప్పుడు ఇంట్లో మెసేజులు వచ్చే ఫోను ఒక్కటే, నాది. ఆ నంబరే ఇచ్చావు. నీకు గుర్తుందా, రోజూ సాయంత్రం బూట్లు విప్పకుండానే అడిగేవాడివి, "అమ్మా, ఏటైనా మెసేజ్ వచ్చిందా?"

వచ్చింది బాబూ. సెప్టెంబరు మొదటి వారం, గురువారం. క్లినిక్కులో దుప్పట్లు పిండుతుంటే ఫోను మోగింది. చెయ్యి తుడుచుకుని చూశాను. నీకు సీటిచ్చాం, సోమవారంలోగా వచ్చి చేరకపోతే వేరేవాళ్ళకి ఇచ్చేస్తాం అని ఉంది. అది ఇంగ్లీషులో ఉంది, నాకు అర్థం కాలేదని అబద్ధం చెప్పొచ్చు. నీ పేరూ, సీటూ, తారీఖూ అన్నీ అర్థమయ్యాయి. మూడుసార్లు చదివాను. నువ్వు లేని ఇల్లు కళ్ళ ముందు కనబడింది. తీసేశాను.

ఆ సాయంత్రం నువ్వు అడిగితే రాలేదన్నాను. శుక్రవారం అడిగావు, రాలేదన్నాను. సోమవారం దాటేదాకా అదే మాట. ఆ తర్వాత వారం నువ్వే అడగడం మానేశావు.

మిగిలిందంతా నీకు తెలుసు. తెల్లారకుండా లేచి ఆర్టీసీ కాంప్లెక్సుకి ఒక బస్సు, అక్కణ్ణుంచి ఇంకో బస్సు. అందులోనూ నిలబడే. రోజుకి నాలుగు గంటలు రోడ్డు మీద. మొదటి పీరియడ్ పోయేది, హాజరు తగ్గేది. వచ్చి గుమ్మంలో కూర్చున్నవాడివి కూర్చున్నట్టే నిద్రపోయేవాడివి. కాలేజీకి నన్ను రమ్మన్నప్పుడు కామరాజు సార్ అన్నారు, "కుర్రాడు తెలివైనోడమ్మా. క్లాసుకొచ్చిన రోజు నిద్రపోతాడు. ఏం చెయ్యమంటారు?" నాకు తెలుసు ఏం చెయ్యాల్సిందో. ఏడాది ముందు చెయ్యాల్సింది. రెండో సంవత్సరం హాజరు చాలక ఆపేశారు. నీకే చదువు అబ్బలేదని చెప్పుకుని సైన్యంలో చేరిపోయావు. నీ నోటితో నువ్వు ఆ మాట అంటుంటే, పక్కనే నిలబడి విన్నాను.

అడ్డంగా నిలబడతావని నిన్ను ఉంచుకున్నాను. కొడుకుని కొడుకులా చూడలేదు.

ఇదంతా గ్రేసీకి చెప్పాను. చెప్పకపోతే అది వెళ్ళదు. అంతా విని లేచి వెళ్ళిపోయింది. రెండు రోజులు నా చేతి అన్నం తినలేదు. మూడో రోజు బట్టలు సర్దుకుంది. మీ నాన్నకి మాత్రం చెప్పలేదు. ఆయన డ్యూటీకి వెళ్ళాక ఇద్దరం బయల్దేరి రైలెక్కేశాం. దారంతా అది కిటికీ వైపే చూసింది. తుని దాటాక ఒక్కసారి, మంచినీళ్ళు కావాలా అని అడిగింది.

అక్కడ హాస్టలు ఫారంలో తల్లిదండ్రుల ఫోను నంబరు రాయాలి. నా నంబరు చెప్పబోయాను. పెన్ను ఆపి నా వైపు చూసింది.

"అన్న నంబరు రాస్తాను. సిగ్నల్ దొరికినప్పుడు సూసుకుంటాడు."

కోపంగా అనలేదు. అందుకే నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. సంతకం మాత్రం నన్ను పెట్టమంది, పెట్టాను. గేటు దాకా వచ్చింది. నువ్వు ఆ ఇంటికి వెళ్ళకమ్మా అంది. ఎక్కడికి వెళ్ళను అన్నాను.

ఇంటికే వచ్చాను. మీ నాన్న గుమ్మంలోనే ఉన్నాడు. ఏం జరిగిందో రాయను. ఎడం భుజం కొంచెం పైకి లేవడం లేదు, క్లినిక్కులో చూశారు, ఎముక విరగలేదన్నారు. క్లినిక్కు వెనక మందుల పెట్టెలు పెట్టే గది ఒకటుంది, నాకోసం అది ఖాళీ చేయిస్తానన్నారు రోజారమణి గారు. ఇరవై నాలుగేళ్ళు ఈ ఇంట్లో ఉన్నదాన్ని, వెళ్ళగలనో లేదో నాకే తెలీదు. బట్టల సంచి మాత్రం ఒకటి అక్కడ పెట్టి వచ్చాను.

నన్ను క్షమించమని ఈ ఉత్తరంలో అడగడం లేదు. అడిగితే నువ్వు క్షమిస్తావు, నీ గుణం నాకు తెలుసు. అలా వద్దు. కోపం వస్తే రానీ, ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళు ఉండనీ. జవాబు రాయకపోయినా పోస్టుమాన్‌ని అడగను.

ఒక్కటే చెప్తాను. గ్రేసీ యూనివర్సిటీ నుంచి మెసేజులు ఇక నీకే వస్తాయి. కొండ దిగిన రోజు ముందు అవి చూడు. అందులో తారీఖు ఏదైనా ఉంటే దాటనియ్యకు.

ఇట్లు,
మీ అమ్మ,
దీవెనమ్మ