ఒడ్డు తొక్కని దొర పెట్టిన పేరు

విల్యార్సా, ఫిలిప్పీన్స్
మార్చి

ప్రియమైన సుమితకు,

ఫోన్లో అయితే పోట్లాడుకుంటాం, ఉత్తరమే రాయమన్నావుగా, రాస్తున్నాను. కొబ్బరినూనె మిల్లులో కొత్త యంత్రాల బిగింపు సగంలో ఉంది. సాయంత్రం మిల్లు మూస్తే ఈ ఊళ్లో పలకరించే మనిషి ఉండడు. సముద్రం గట్టున ఒక్కణ్ణే కూర్చుంటాను. అచ్చం మన ఊరు బాగన్ దాతుక్‌లో లాగే కొబ్బరిచెట్లు, ఉప్పుగాలి.

ఒక వింత చెప్పనా? ఈ ఊరికి రెండు పేర్లు. బోర్డుల మీద విల్యార్సా. చేపలమ్మే ఆడవాళ్లు మాత్రం వాళ్ల భాషలో పీతల రేవు అంటారు. ఎందుకో కనుక్కుని రాస్తాను. పాప నవ్వుతోందా? నేను బయల్దేరాక పుట్టింది, ఇంతవరకు దాన్ని ఎత్తుకున్నది లేదు.

నీ కిషేన్

పోర్ట్ క్లాంగ్, మలేషియా
ఏప్రిల్

ప్రియమైన శ్రీవారికి,

ఊరి పేర్లు తర్వాత. ముందు మన పిల్ల పేరు సంగతి చూడండి. పుట్టి రెండు నెలలు దాటింది, ఇంకా పాపా అనే పిలుస్తున్నాం. క్లినిక్‌లో నర్సు పేరడిగితే అదే రాయించాను. బాగన్ దాతుక్ నుంచి అత్తయ్య వచ్చారు. పళ్లెంలో బియ్యం పోసి పేరు రాయాల్సింది, చెవిలో చెప్పాల్సింది తండ్రే కదా. "అయ్య నేకుండా పేరెట్టకూడదు. ఆడొచ్చీదాకా ఆగుదాం," అంటున్నారు.

పగలంతా బయట లారీల మోత, లోపల నేనూ పాపా. అత్తయ్య నడుం వాలిస్తే మాట్లాడే దిక్కుండదు. ఏడుపొస్తుంది, దాచడం దేనికి. ఈ నెలాఖరుకి పని అయిపోతుంది, వచ్చేస్తానని వెళ్లేటప్పుడు మీరే అన్నారు. రండి.

మీ సుమిత

విల్యార్సా
జూన్

ప్రియమైన సుమితకు,

కోప్పడకుండా చదువు. వస్తానన్న మాట తప్పాను. మిల్లువాళ్లు ఇంకో ఏడాది ఉండమన్నారు, ఫోర్‌మన్‌ని చేస్తామన్నారు. నిన్నడగకుండానే ఒప్పుకున్నాను. ఎలా చెప్పాలో తెలియకే ఇన్నాళ్లూ రాయలేదు.

ఊరి పేరు గుట్టు తెలిసింది. చర్చిలో గంట కొట్టే ముసలాయన చెప్పాడు. స్పెయిన్ వాళ్ల కాలంలో ఒక దొర మనీలాలో కూర్చుని, పటంలో ఈ చోట తన సొంతూరి పేరు రాసేశాడట. ఇంటి మీద బెంగ కాబోలు. ఆయన బతికుండగా ఈ ఒడ్డు తొక్కనే లేదు. అయినా పేరు నిలిచింది చూడు.

పాప కోసం ఇక ఆగొద్దు. తనూష అని చీటీ రాసి ఈ కవర్లోనే పెట్టాను. అమ్మ చేత చెవిలో చెప్పించు.

నీ కిషేన్

పోర్ట్ క్లాంగ్
జూలై

ప్రియమైన శ్రీవారికి,

చీటీ అందింది. అత్తయ్యకు చదివి వినిపించాను. "ఏటి, పేరు కూడా టపాలో పంపినాడా?" అన్నారు.

మీరు రాసిన కథ మీకే అర్థమైనట్టు లేదు. దొర రాసిన పేరు బోర్డుల మీద ఉంది, నిజమే. చేపలమ్మే ఆడవాళ్ల నోట మాత్రం ఇంకా పీతల రేవే కదండీ. అది అక్కడ బతికినవాళ్లు పెట్టుకున్న పేరు.

ఆదివారం అత్తయ్యే పళ్లెంలో బియ్యం పోశారు. నేను వెనకాడితే "ఏటి సూస్తావు? మోసినదానివి, కన్నదానివి, రాయి," అన్నారు. నా ఉంగరం తీసి బియ్యంలో రాశాను. చెవిలో నేనే చెప్పాను. మీరు పంపిన పేరు కాదు. గర్వంగా ఏమీ లేదు. ఆ చెవి మీ గొంతు వినాల్సింది.

కింది అంతస్తు షెర్లీ ఆంటీ కూడా ఇప్పుడు ఆ పేరుతోనే ముద్దు చేస్తోంది. క్లినిక్‌లో నర్సూ అలాగే పిలుస్తోంది. తెలియనిది మీకొక్కరికే. ఈ ఉత్తరంలో రాయను. ఫోన్ చేసినా అత్తయ్య చెప్పరు, నేనూ చెప్పను. వచ్చి పాపని ఎత్తుకుని తెలుసుకోండి. మరీ ఆలస్యం చేశారంటే, మాటలొచ్చి తనే చెబుతుంది.

సుమిత