నేను కట్టించిన చెక్క గోడ

అక్కయ్యా, ఊళ్లో అంటురోగం ఉన్నా నాకు జ్వరం లేదు, దగ్గు లేదు, కంగారు పడకు.

హాలు పని ఈరోజుతో ముగిసింది. రోడ్ల మీద పడుకునేవాళ్ల కోసం మంచాలు దూరదూరంగా వేయించాను, కిటికీలు పెద్దవి చేయించాను, నడుమ చెక్క గోడ కట్టించి ఆడవాళ్లకు ఇటు, మగవాళ్లకు అటు అన్నాను. సాయంత్రం అందరూ వచ్చారు. గొడుగులు బాగుచేసే ముసలాయన, ఆయన భార్య మాత్రం గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఈయనకి రాత్రుళ్లు ఊపిరాడదు. లేపి కూర్చోబెట్టేదెవరు బాబూ, నీ గోడా?" అందావిడ.

ఇద్దరినీ ఒకచోట ఉంచుదామని ఆఫీసరుకు చెబితే, "ఒకళ్లకి సరేనంటే రేపు అందరూ అడుగుతారండీ" అని ఫోను పెట్టేశాడు. వాళ్లు వానలో మళ్లీ బస్టాపుకే పోయారు. అంగుళాలు కూడా కొలిచినవాణ్ణి, ఇది నాకు తట్టకపోవడమేమిటి! నీ మరదలిని ఆఖరిసారి ఆసుపత్రి వార్డులోకి తీసుకెళ్లినప్పుడు నన్నూ గేటు దగ్గరే ఆపారు కదా.

పిల్ల మందులు వేసుకుంటోందా? వంటింటి కుళాయి ఇంకా కారుతోందా? నీ మరదలి శాలువా ఎవరికీ ఇచ్చేయకు, నాకు పంపు. బావగారికి నమస్కారాలు, పిల్లకు ఆశీస్సులు.

రేపు పొద్దున్నే ఆఫీసరు రాకముందే మూలనున్న సామాన్ల గది ఖాళీ చేసి, కిటికీ కింద రెండు మంచాలు కలిపి వేసి, బస్టాపుకి వెళ్లి వాళ్లిద్దరినీ పిలుచుకొస్తాను.

నీ తమ్ముడు