స్పార్క్ రాని పద్మిని

జూన్ 3, మంగళవారం

ఈ సాయంత్రం పంజాగుట్ట ఫ్లైఓవర్ మీద రాఘవేందర్ నా పక్కనే ఉండి కూడా లేకుండా పోయాడు.

ఒక చెయ్యి స్టీరింగ్ మీద ఉంది. రెండో చేత్తో చొక్కా గుండీ తడుముతున్నాడు. పెదాలు చప్పరిస్తున్నాడు. పిలిచాను, పలకలేదు. కారు డివైడర్ వైపు జరుగుతోంది. స్టీరింగ్ నేనే లాగాను. వెనక బస్సు హారన్. కాసేపటికి మామూలు మనిషయ్యాడు. ఏమైందని అడిగితే, ఏం గాలే, ఏదో సోంచాయిస్తున్న అన్నాడు.

వెనక సీట్లో మానస నిద్రపోతోంది. మాకున్నది అదొక్కతే.

జూన్ 4

బంజారా హిల్స్‌లో న్యూరాలజిస్ట్ అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. రానన్నాడు. నాకేమైంది, మస్తుగున్న, పొద్దంతా క్లాసులు చెప్పి అలసిపోయిన, గంతే అన్నాడు.

అమీర్‌పేటలో జావా చెప్తాడు. పిల్లల ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం ఆయన పని. తన తలలో ఏదో తప్పుందంటే మాత్రం కోపం.

ఇన్‌స్టిట్యూట్‌కి రోజూ ఆ పాత ప్రీమియర్ పద్మినిలోనే పోతాడు. స్క్రాప్‌కి పోతున్న దాన్ని తెచ్చి, బోల్టు బోల్టూ విప్పి నిలబెట్టుకున్న కారు. నాకు లైసెన్స్ ఉంది. అయినా స్టీరింగ్ ఇవ్వడు. తాళం చెవి దాచాను. డూప్లికేట్ తీశాడు.

జూన్ 6

కారు స్టార్ట్ కాలేదు. చేసింది నేనే.

జూన్ 8, ఆదివారం

మొన్న కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కి పోయే సన్న వైరు లూజు చేసి పెట్టాను. పట్టేశాడు. బండి ఊగుడుకు ఊడింది అంటూ ఈల వేసుకుంటూ బిగించాడు. ఏ వైరు ఎక్కడికి పోతుందో పెళ్లైన కొత్తలో నాకు నేర్పింది ఆయనే. బానెట్ ఎత్తి, ఇంట్లోవాళ్లను పరిచయం చేసినట్టు ఒక్కోదాన్ని చూపించేవాడు.

వచ్చే ఆదివారం పాత కార్లవాళ్లంతా గండిపేట పోతున్నారట. మానసనూ దాని స్నేహితురాళ్లనూ ఎక్కించుకుపోతాడట.

ఆయన స్నానానికి పోగానే సెల్లార్‌లోకి దిగాను. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, లోపలి పాయింట్ల మీద రంగులేని నెయిల్ పాలిష్ పూశాను. కంటికి కనపడదు. కరెంటు మాత్రం దాటదు.

జూన్ 10

సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజన్ అందుకోవడం లేదు. ప్లగ్గు విప్పి, ఇంజన్ బాడీకి ఆనించి, మానసతో సెల్ఫ్ కొట్టించాడు. స్పార్క్ లేదు. కొత్త కాయిల్ వేశాడు. లేదు. కండెన్సర్ మార్చాడు. లేదు. చివరికి బ్యాటరీ దిగిపోయింది. అన్నం ముట్టకుండా ఆటోలో పోయాడు.

ఆ ఆటో చూస్తే ప్రాణం లేచొచ్చింది. తర్వాత సిగ్గేసింది.

జూన్ 12

యూసుఫ్‌గూడ నుంచి చక్రపాణి అన్న వచ్చాడు. రాఘవేందర్ దోస్తు. బ్యాంకులో పని, ఇంట్లో ఇలాంటి పద్మినే. మూత తీసి పాయింట్లను గోరుతో గీకాడు. సన్నటి పొర ఊడొచ్చింది. దాన్ని వెలుతురులో పెట్టి చూశాడు, ఆ తర్వాత నన్ను చూశాడు.

రాఘవేందర్‌తో మాత్రం పాయింట్లు ఖరాబైనయ్ అని చెప్పి, గరుకు కాగితంతో రుద్దాడు. కారు స్టార్ట్ అయింది.

మంచినీళ్ల వంకతో వంటింట్లోకి వచ్చి, గిదేం పని చెల్లె అని అడిగాడు. అంతా చెప్పాను. ఆదివారం లోపల రాఘవేందర్‌ను దవాఖానకు ఒప్పించు, లేకుంటే గీ సంగతంత అందరి ముందల నేనే చెప్త అన్నాడు.

జూన్ 14

ఫ్లైఓవర్ సంగతి మళ్లీ ఎత్తాను. నన్ను పిచ్చోన్ని చేస్తున్నవా అని ప్లేటు తోసేశాడు. నెయిల్ పాలిష్ సంగతి చెప్పలేదు.

జూన్ 15, ఆదివారం



పొద్దున ఆయన కంటే ముందే దిగి, డిస్ట్రిబ్యూటర్ లోపల తిరిగే రోటర్ తీసేశాను. అది లేకపోతే ఏ ప్లగ్గుకూ కరెంటు పోదు. పిల్లలు వెనక సీట్లో ఎక్కారు. చక్రపాణి అన్న తన కారు గేటు బయట ఆపి లోపలికి వచ్చాడు. రాఘవేందర్ సెల్ఫ్ కొట్టాడు, కొట్టాడు, దిగి మూత విప్పాడు. రోటర్ దానంతటది మాయమయ్యేది కాదు. తలెత్తి నన్ను చూశాడు.

గుప్పిట విప్పాను. అన్నీ నేనే చేశానన్నాను. నేను నడిపేటట్టయితేనే ఇస్తానన్నాను. ఇటు తే అని అరుస్తూ చెయ్యి చాపాడు.

ఆ చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

రెండో చెయ్యి గుండీ మీదికి పోయింది. పెదాలు చప్పరింపు. మానస కారు దిగి, డాడీ, డాడీ అంటూ ఊపింది. చక్రపాణి అన్న భుజాలు పట్టుకున్నాడు. ఎంతసేపో తెలియదు. నాకైతే తెల్లారి మళ్లీ చీకటి పడినంతసేపు.

తేరుకుని, జల్దీ ఇయ్యి, లేటైతుంది అన్నాడు. మానస వెక్కివెక్కి ఏడుస్తోంది. దాన్ని చూసి, ఏమైంది బిడ్డా అన్నాడు.

నువ్వు ఎటో పోయినవ్ డాడీ, పిలిస్తే పలుకలే అంది అది.

నా మాట నమ్మని మనిషి దాని ముఖం చూసి నమ్మాడు. మెట్ల మీద కూలబడ్డాడు.

జూన్ 20

ఎంఆర్ఐ అయింది. మూర్ఛేనట. కింద పడి కొట్టుకోకుండా ఇలా కూడా వస్తుందట. డాక్టర్ సరేననేదాకా స్టీరింగ్ ముట్టకూడదు. టాబ్లెట్లు వేసుకుంటున్నాడు. నాతో మాట్లాడటం లేదు.

జూన్ 29, ఆదివారం

ఒక్క సెల్ఫ్‌కే అందుకుంది. స్టీరింగ్ ముందు నేను. ఎడమ తలుపు తెరుచుకుంది. ఎక్కి కూర్చుని, ఎదుటి గోడ వైపు చూస్తూ, క్లచ్ పూరాగ తొక్కు అన్నాడు.