సెకండరీ అనే మాట

మంగళవారం రాత్రి, మహదేవపుర

పొద్దున ఆఫీసులో వైఫై నడిపే పెద్ద కంట్రోలర్ ఆగిపోయింది. దాని స్థానంలోకి రెండోది వచ్చింది గాని, లైసెన్సులు చాలవంటూ అంతస్తుల్లో సిగ్నల్ ఇచ్చే యాక్సెస్ పాయింట్లను సగం చేర్చుకోలేదు. పై అంతస్తుల్లో ఎవరికీ నెట్ లేదు. లైసెన్సుల పేరుతో దోపిడీ చేస్తున్నారంటూ నేను ఫోన్‌లో సపోర్టువాడి మీద విరుచుకుపడ్డాను. పక్కన మా నెట్‌వర్క్ టీమ్ సీనియర్ సరోజక్క మాత్రం సెట్టింగులు తెరిచింది.

"రెండోదాన్ని గూడా ప్రైమరీ అని పెట్టిందెవరప్పా?"

నేనే. అమర్చేటప్పుడు 'సెకండరీ' అనే మాట నచ్చలేదు. ఉద్యోగుల సంఘం కరపత్రాలు చదివే నాకు, ఒకే పని చేసేవాటిలో హెచ్చుతగ్గులేమిటనిపించింది.

"మిషన్లకి గూడా సంఘం పెట్టినావా? సెకండరీ అనుంటేనే పెద్దదాని లైసెన్సులు దీనికొస్తాయి. లేకుంటే దీనికి సొంతంగా ఉండేవి కొన్నే!" అని నవ్వుతూ మార్చేసింది. కాసేపటికి అన్నీ చేరాయి.

మేనేజర్ వచ్చి ఎవరి పొరపాటని గద్దించాడు. నా ప్రొబేషన్ ఇంకా ముగియలేదు. నేను నోరు తెరిచేలోగా అక్క, "మా ఇద్దరిదీ సార్" అంది.

రేపు నిజం చెబితే అక్క అబద్ధమాడినట్టవుతుంది. చెప్పకపోతే నా తప్పులో సగం అక్క మోసినట్టే; మరి ఇన్నాళ్లూ సమానత్వమంటూ ఆ కరపత్రాలన్నీ చదివిందెందుకు? కోపం తెచ్చుకుందామన్నా ఈ మనిషి మీద రావడం లేదు...